రెల్లు కోసిన తర్వాత చిత్వన్



మన ప్రాంతం నుంచి నేపాల్ వెళ్లే యాత్రా బృందాల ప్రోగ్రాం కాగితం చేతికొస్తే ఒకసారి చదివి చూడండి. ఖాట్మండూలో పశుపతినాథుడు, దారిలో మనకామన అమ్మవారు, ఆ తర్వాత పోఖరా, ముక్తినాథ్, లుంబిని, ఓపికుంటే జనక్‌పూర్. వీటి మధ్య ఎక్కడో ఒక్క వరస కనిపిస్తుంది: "చిత్వన్‌లో రాత్రి బస, జంగిల్ సఫారీ". పోఖరాలో బయల్దేరిన బస్సు పొద్దుగూకే వేళకు అక్కడ దింపుతుంది. రాత్రి అక్కడి థారూ తెగవాళ్ల కర్రల నాట్యం చూపిస్తారు. తెల్లారి జీపులో ఒక చుట్టు తిప్పుతారు. టిఫిను కాగానే మళ్లీ బస్సు. ఇంటికొచ్చాక "అడవెలా ఉంది?" అని అడిగితే, "అడవెక్కడిదండీ, అటూ ఇటూ గడ్డి. ఆ గడ్డి కూడా జీపు కన్నా ఎత్తు" అంటారు.

వాళ్లు చూసింది చూసినట్టే చెప్పారు. అయితే వాళ్లు వెళ్లింది అక్టోబరులో, దసరా సెలవులకు. అదే మనుషులు, అదే జీపులో, అదే బాటన ఫిబ్రవరి నెలాఖరుకు వెళ్లి ఉంటే వేరే మాట చెప్పేవారు. అది ఎందుకో, ఆ ప్రకారం ప్రయాణం ఎలా వేసుకోవాలో ఇవాళ మాట్లాడుకుందాం.

నేపాల్ అనగానే మంచుకొండలు గుర్తొస్తాయి. చిత్వన్‌లో ఆ చలి ఉండదు. అది దేశానికి దక్షిణాన, బీహారు సరిహద్దుకు ఆనుకొని, చురియా కొండల చెంత పరచుకున్న లోయ. లోయ అడుగు సముద్రమట్టానికి 200 మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఉపోష్ణ మండల వాతావరణం కాబట్టి పుష్యమాసంలో శాలువా కావాలి, వైశాఖంలో మన కోస్తా ఎండలు గుర్తుకొస్తాయి. ఏడాది మొత్తంలో పడే వానలో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు మధ్యనే కురుస్తుంది. ఇక్కడి జాతీయ పార్కుకు ఉత్తరం పక్క రాప్తీ నది, దక్షిణం పక్క రేవూ, పడమర నారాయణి. మన ఇళ్లలో పూజాపీఠం మీద ఉండే సాలగ్రామాలు కాళీగండకి ఒడ్డువి కదా, ఆ కాళీగండకి, త్రిశూలి దేవ్‌ఘాట్ దగ్గర కలిసి నారాయణి పేరుతో ఈ లోయలోకి వస్తాయి. మన దేశంలోకి దిగాక అదే గండక్. పార్కు లోపల, త్రివేణి వైపు, వాల్మీకి ఆశ్రమంగా పూజలందుకునే చోటు ఒకటి ఉంది. సరిహద్దుకు ఇవతల బీహారులో ఉన్న పులుల అభయారణ్యానికి పెట్టిందీ ఆ మహర్షి పేరే. పుణ్యయాత్ర మధ్యలో ఈ అడవి గొడవేమిటని నొసలు చిట్లించే పెద్దవాళ్లు మీ బృందంలో ఉంటే ఈ రెండు ముక్కలూ చెప్పి చూడండి.

ఇక గడ్డి సంగతి. వానాకాలంలో ఈ నదులు పొంగి ఒక ఒడ్డును కోస్తాయి, ఇంకో ఒడ్డున ఇసుక మేట వేస్తాయి. ఆ మేట మీద ముందుగా మొలిచేది రెల్లు. గోదావరి లంకల్లో వర్షాలు వెనకబట్టాక తెల్లగా పూస్తుందే, ఆ రెల్లే. చిత్వన్‌లో దానికి తోడు దాని చుట్టపు జాతులు మరికొన్ని ఉన్నాయి. అవి ఏనుగు మునిగేంత ఎత్తు పెరుగుతాయి, అందుకే ఏనుగు గడ్డి అంటారు. పార్కులో ఎక్కువ భాగం గుగ్గిలం చెట్ల అడవి, ఉత్తరాదివాళ్లు సాల్ అనే చెట్టు. విస్తీర్ణంలో గడ్డి మైదానం వాటా తక్కువే. కానీ జంతువుల బతుకు చాలావరకు ఆ తక్కువలోనే సాగుతుంది. ఒంటికొమ్ము ఖడ్గమృగానికి లేత రెల్లంటే ప్రాణం. దుప్పులు, కణుజులు అక్కడికే వస్తాయి. వాటి వెంట పులి వస్తుంది. వరద తగలని చోట కొన్నేళ్లకు రెల్లు పలచబడి చెట్లు లేస్తాయి. మరుసటి వరద మరోచోట కొత్త మేట వేస్తుంది, అక్కడ మళ్లీ రెల్లు మొలుస్తుంది.

ఖడ్గమృగాలకు ఒక అలవాటుంది. ఒక చోట పెట్టిన పేడకుప్ప మీదే మళ్లీ మళ్లీ వచ్చి పేడ వేస్తాయి. వానాకాలంలో అవి త్రేవియా అనే చెట్టు కాయలు విపరీతంగా తింటాయి. ఆ గింజలు పేడతోపాటు గడ్డి మైదానంలో పడి, ఎండ తగిలే చోట చక్కగా మొలుస్తాయి. చిత్వన్‌లో ఎన్నో ఏళ్లు గడిపిన అమెరికన్ శాస్త్రవేత్త ఎరిక్ డైనర్‌స్టీన్ దీన్ని పరిశోధించి రాశారు. జీపు గైడు ఒక పెద్ద పేడకుప్ప దగ్గర బండి ఆపితే ముక్కు మూసుకోకుండా ఆ కుప్ప మీద మొలిచిన మొక్కల్ని చూడండి. రేపటి అడవికి అది నారుమడి.

ఈ గడ్డి ఇంకా ఉందంటే దాని వెనక ఒక చరిత్ర ఉంది. నేపాల్‌ను ఏలిన రాణాల కాలంలో చిత్వన్ రాజుల వేటభూమి. 1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారు ముగించుకొని అయిదవ జార్జి చక్రవర్తి ఇక్కడికి వేటకు వచ్చాడు. పట్టుమని పది పదకొండు రోజుల్లో ఆయన బృందం 39 పులులను, 18 ఖడ్గమృగాలను కూల్చింది. అంత జరిగినా అడవి మాత్రం మిగిలింది. దాన్ని కాపాడింది మలేరియా. బయటివాళ్లు ఒక వానాకాలం ఇక్కడుంటే ప్రాణంతో తిరిగివెళ్లడం కష్టమని పేరు. తరతరాలుగా ఈ లోయలో బతుకుతున్న థారూలకు మాత్రం ఆ జ్వరాన్ని తట్టుకునే శక్తి ఒంట్లోనే ఉంది. అది రక్తంలోని జన్యుపరమైన తేడా వల్ల వచ్చిందని తర్వాత శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. 1950లలో అమెరికా సాయంతో డీడీటీ చల్లారు. దోమ తగ్గింది. కొండల మీద నుంచి జనం దిగారు, అడవి కొట్టి పొలాలు చేశారు. వాళ్లను మనం తప్పుపట్టలేం, వాళ్లకు కావలసింది నాలుగు గింజల వరి. కానీ 1950 ప్రాంతంలో 800 దాకా ఉన్నాయని అంచనా వేసిన ఖడ్గమృగాలు, 1960లు ముగిసేసరికి 100 దగ్గరకు పడిపోయాయి.

1973లో చిత్వన్‌ను జాతీయ పార్కుగా ప్రకటించారు. నేపాల్‌కు అదే మొదటి జాతీయ పార్కు. రెండేళ్లకు కాపలాకు సైన్యం వచ్చింది. ఇప్పటికీ సైన్యమే కాస్తోంది. 1984లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. నేపాల్‌లో మావోయిస్టు అంతర్యుద్ధం సాగిన కాలంలో సైనికులు వేరే పనుల్లో ఉండగా వేటగాళ్లు చెలరేగిపోయారు. ఆ తర్వాత 2011లో ఒక్క ఖడ్గమృగం కూడా వేటగాళ్లకు బలికాలేదని నేపాల్ గర్వంగా చెప్పుకుంది. 2021 లెక్కల్లో దేశం మొత్తం మీద 752 ఖడ్గమృగాలు తేలితే, అందులో 694 చిత్వన్‌లోనే ఉన్నాయి. మన ఉత్తరప్రదేశ్‌లోని దుధ్వాకు 1985లో ఇక్కడి నుంచే నాలుగు ఆడ ఖడ్గమృగాలను తెచ్చుకున్నాం. బదులుగా మనం ఇచ్చింది పదహారు మచ్చిక ఏనుగుల్ని.

పార్కు పెట్టినప్పుడు చుట్టుపక్కల ఊళ్లవాళ్ల పరిస్థితి ఊహించండి. నిన్నటిదాకా ఇంటి కప్పుకు గడ్డి, గోడలకు రెల్లు కర్రలు, పశువులకు మేత తెచ్చుకున్న చోటుకు ఇవాళ అడుగు పెడితే నేరం. తుపాకీ పట్టుకున్న సిపాయి ఎదురుగా ఉంటాడు. ఆ ఉద్రిక్తత తగ్గించడానికి 1970లలోనే ఒక ఏర్పాటు చేశారు. ఏడాదికోసారి, జనవరిలో, కొద్ది రోజులపాటు ఊళ్లవాళ్లు పార్కులోకి వెళ్లి గడ్డి కోసుకోవచ్చు. మొదట్లో ఈ గడువు మూడు వారాల దాకా ఉండేది, తర్వాత తగ్గుతూ వచ్చింది. మనకు సంక్రాంతి అయిన రోజుల్లోనే థారూలకు మాఘి. అది వాళ్ల కొత్త సంవత్సరం. ఆ రోజుల్లోనే చంకలో కొడవలి పెట్టుకొని వందలాది మంది నది దాటి గడ్డిలోకి దిగుతారు. సాయంత్రానికి మోపులు నెత్తిన పెట్టుకొని నీళ్లలో నడుచుకుంటూ వస్తారు. ఇప్పుడు రేకుల కప్పులు వచ్చాయి కాబట్టి కోసేవాళ్లు తగ్గారు. అయినా ఆనవాయితీ పోలేదు.

కోత అయ్యాక మిగిలిన మోళ్లకు నిప్పు పెడతారు. కొన్నాళ్లు మైదానం నల్లగా, చూడటానికి ఏమీ బాగుండదు. రెండు మూడు వారాల్లో ఆ బూడిదలోంచి పచ్చని పిలకలు లేస్తాయి. ఆ పిలకల కోసం దుప్పులు మందలు మందలుగా చెట్ల చాటు వదిలి బయటికొస్తాయి. ఖడ్గమృగం పట్టపగలే నిలబడి మేస్తుంది. మొన్నటిదాకా మూడడుగుల దూరంలో ఏముందో తెలియని బాట మీద ఇప్పుడు కిలోమీటరు దాకా చూపు ఆనుతుంది. ఎర్ర బూరుగు పూస్తుంది, దాని మీద పక్షుల గోల. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో చిత్వన్ ఇది. గడ్డి మళ్లీ ఎదిగి చూపును మూసేసేది మే, జూన్ కల్లా.

ఇక్కడే మనకొక చిక్కు. మన సెలవులు, చిత్వన్ గడ్డి ఒకదానికొకటి పొసగవు. దసరాకు వెళ్తే గాలి శుభ్రంగా ఉంటుంది, వాన వెలిసి దూరాన హిమాలయ శిఖరాలు కూడా కనిపిస్తాయి, కానీ గడ్డి నిలువెత్తున ఉంటుంది. పైగా అది నేపాలీల పెద్ద పండుగ దశైన్ సమయం, బస్సులో సీటు దొరకడం గగనం. సంక్రాంతికి వెళ్తే పొద్దున పదింటి దాకా పొగమంచు, ముందున్న జీపు వెనక దీపం తప్ప ఏమీ కనిపించదు. కోత కూడా అప్పుడప్పుడే మొదలవుతుంది. వేసవి సెలవులు వచ్చేసరికి ఎండ ముదురుతుంది. జూన్ దాటితే వాన, జలగలు, మూసేసిన జీపు బాటలు.

పిల్లల పరీక్షల బాధ లేని వాళ్లకు, అంటే రిటైరైన దంపతులకు, పిల్లలు పెద్దవాళ్లైపోయిన ఇళ్లకు, నా సలహా సూటిగా చెబుతాను. శివరాత్రికి పశుపతినాథ్ వెళ్లండి. ఆ రద్దీ అయ్యాక చిత్వన్‌కు దిగండి. ఆ సమయంలో ముక్తినాథ్‌లో మంచు, చలి ఎక్కువ కాబట్టి అది కూడా కలపాలనుకుంటే ఉగాదికి అటూ ఇటూ వేసుకోండి. మార్చి నెలాఖరు, ఏప్రిల్ మొదటి సగం రెండింటికీ బాగుంటాయి. బడి పిల్లలున్న వాళ్లు పరీక్షలు కాగానే, ఏప్రిల్ చివరి వారంలో బయల్దేరడమే మార్గం. మధ్యాహ్నం ఎండ భరించలేరు, అందుకని పొద్దున్నే ఒకటి, సాయంత్రం ఒకటి సఫారీ పెట్టుకొని మధ్యలో నిద్రపోండి. జంతువులు చేసేదీ అదే. ఆ ఎండలో అవి నీటి గుంటల దగ్గరికి చేరతాయి కాబట్టి చూసే అవకాశం తక్కువేమీ కాదు.

శీతాకాలమే కుదిరేవాళ్లు కూడా నిరాశపడక్కర్లేదు. వాళ్లు జీపు మీద కన్నా పడవ మీద ఆశ పెట్టుకోవాలి. ఒకే దుంగను తొలిచి చేసిన పడవల్లో రాప్తీ మీద తీసుకెళ్తారు. డిసెంబరు, జనవరి నెలల్లో మంచు విడిచాక మొసళ్లు ఎండ కాచుకోవడానికి ఇసుక తిన్నెల మీదికి వస్తాయి. మామూలు మొసళ్లతోపాటు ఘరియల్ ఉంటుంది. సన్నగా పొడుగ్గా ఉండే మూతి, తినేది దాదాపు చేపలే, మనిషి జోలికి రాదు. పెరిగిన మగదానికి మూతి చివర చిన్న కుండలాంటి బుడిపె వస్తుంది. దాదాపు అంతరించే దశలో 1978లో పార్కు ప్రధాన కార్యాలయం ఉన్న కసారాలో వీటి గుడ్లను పొదిగించి పిల్లల్ని పెంచే కేంద్రం పెట్టారు. అక్కడ పెరిగిన పిల్లల్నే నదుల్లో వదులుతున్నారు. ఉత్తరాన ఉన్న చలి దేశాల నుంచి వలస వచ్చే బాతులు కూడా ఆ నెలల్లోనే కనిపిస్తాయి. పక్షుల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు చిత్వన్ ఒక గని. 500 పైచిలుకు జాతులు నమోదయ్యాయి. వాళ్లు బీస్‌హజారీ తాల్ అనే చెరువుల వైపు ఒక ఉదయం కేటాయించుకోవాలి.

ఎన్ని రోజులు? ఒక్క రాత్రి చాలదు. రెండు రాత్రులు కనీసం, మూడు రాత్రులైతే హాయి. పార్కు ప్రవేశ అనుమతి రోజుల లెక్కన ఇస్తారు. సార్క్ దేశాల వాళ్లం కాబట్టి మిగతా విదేశీయుల కన్నా మనకు రుసుము తక్కువ. ఒకరోజు అనుమతితో పొద్దున పడవ, కాసేపు నడక, మధ్యాహ్నం జీపు, మూడూ చేసుకోవచ్చు. ఈ లెక్క తెలియక చాలామంది ఒక సాయంత్రం పడవకు ఒక అనుమతి, మర్నాడు జీపుకు మరో అనుమతి కొంటారు. ఆ డబ్బు వృథా ఏమీ కాదులెండి. పార్కు ఆదాయంలో 30 నుంచి 50 శాతం చుట్టూ ఉన్న ఊళ్లకు, అక్కడి బళ్లకు, కంచెలకు, పంటనష్టానికి వెళ్లాలని చట్టం ఉంది. అయినా మీ ఖర్చు మీరు చూసుకోవాలి కదా.

జీపు సఫారీ రెండు రకాలు. నాలుగు గంటలది ఒకటి, రోజంతా సాగేది ఒకటి. పార్కు అంచున ఉన్న సౌరాహా ఊళ్లో అయితే ముందు పడవలో రాప్తీ దాటి, అవతల ఒడ్డున జీపెక్కాలి. నాలుగు గంటల జీపు ఎక్కువమంది వెళ్లే బాటల్లోనే తిరుగుతుంది. రోజంతా తిరిగే జీపు కసారా దాటి, జనం తక్కువగా ఉండే మైదానాల దాకా వెళ్తుంది. కూర్చోగలిగిన నడుం ఉంటే రెండోదే మంచిది. ఇరవై మంది బృందమైతే జీపులు పంచుకునేటప్పుడు కబుర్లు చెప్పేవాళ్లందర్నీ ఒక జీపులో వేయండి. హాస్యానికి చెప్పడం లేదు. ఖడ్గమృగానికి చూపు మందం, వినికిడి చాలా చురుకు. ఫోనులో పాట మోగిన మరుక్షణం అది గడ్డిలో ఉండదు. బట్టలు మట్టి రంగువో, ఆకుపచ్చవో, బూడిద రంగువో వేసుకోండి. తెలుపు, ఎరుపు సూట్‌కేసులోనే ఉండనివ్వండి.

నడక విషయం కొంచెం జాగ్రత్తగా వినండి. చిత్వన్‌లో గైడుల వెంట కాలినడకన అడవిలోకి వెళ్లనిస్తారు. మన దేశపు పులుల అభయారణ్యాల్లో చాలా చోట్ల ఇది కుదరదు. ముందొక గైడు, వెనకొక గైడు, ఇద్దరూ తప్పనిసరి. వాళ్ల చేతుల్లో తుపాకులుండవు, కర్రలే. బయల్దేరే ముందు నిలబెట్టి పాఠం చెబుతారు. ఖడ్గమృగం మీదికొస్తే చెట్టెక్కాలి, చెట్టు లేకపోతే తిన్నగా కాక వంకర టింకరగా పరుగెత్తాలి, టోపీయో సంచీయో విసిరేస్తే దాని వాసన దగ్గర అది ఒక క్షణం ఆగుతుంది. ఎలుగుబంటి అయితే అందరూ గుంపుగా చేరి కర్రలు నేలకేసి కొట్టాలి. పులి ఎదురైతే వీపు చూపకుండా, దాన్నే చూస్తూ మెల్లగా వెనక్కి జరగాలి. చాలామంది ఈ పాఠం నవ్వుతూ వింటారు. రెండు టన్నులు తూగే జంతువు మనిషి కన్నా వేగంగా పరుగెడుతుందని గుర్తుంచుకుంటే ఆ నవ్వు రాదు. ఈ దారుల్లో గైడులూ యాత్రికులూ ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలున్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చెట్టెక్కలేని వాళ్లు, చిన్నపిల్లల తల్లిదండ్రులు నడకకు వెళ్లొద్దు. ఇందులో మొహమాటం అక్కర్లేదు. వెళ్లగలిగిన వాళ్లు మాత్రం వెళ్లాలి. జీపు చప్పుడు లేకుండా, మట్టి మీద పులి అడుగు ముద్ర పక్కన నిలబడినప్పుడు కలిగే అనుభవం వేరు.

ఏనుగు సవారీ గురించి అందరూ అడుగుతారు. ఒకప్పుడు దానికొక ప్రయోజనం ఉండేది. నిలువెత్తు గడ్డిలో ఏనుగు మీద కూర్చుంటేనే ఏదైనా కనిపించేది. ఇప్పటికీ పార్కు బయట ఉన్న సామూహిక అడవుల్లో సవారీలు నడుస్తున్నాయి. నేనైతే ఎక్కొద్దంటాను. దాన్ని మనిషి మాట వినేలా చేయడానికి చిన్నప్పుడు కట్టేసి పెట్టే హింస, ఆ తర్వాత రోజంతా నలుగురేసి మనుషుల్ని మోసే శ్రమ, ఇవి తెలిశాక ఎక్కబుద్ధి కాదు. గడ్డి కోసిన తర్వాత వెళ్తే ఆ ఎత్తు అవసరం కూడా ఉండదు. సాయంత్రం పూట మావటీలు ఏనుగుల్ని మేతకు తీసుకెళ్తుంటారు, దారి పక్కన నిలబడి చూడండి, చాలు.

బస ఎక్కడ? 2012 దాకా పార్కు లోపలే హోటళ్లుండేవి. వాటిని మూసేశారు. ఇప్పుడన్నీ బయటే. ఎక్కువమంది దిగేది సౌరాహాలో. అన్ని రకాల ధరలకూ గదులుంటాయి, రాత్రిపూట ఒక్కోసారి ఖడ్గమృగమే వీధిలోకి నడిచొస్తుంది. వస్తే గుమ్మంలో నిలబడి చూడండి, సెల్ఫీకి దగ్గరికి పోకండి. రద్దీ వద్దనుకుంటే పడమటి వైపు మేఘౌలీ, బరౌలీ, నారాయణి అవతల అమల్తారి. బరౌలీ, అమల్తారిలో ఊరివాళ్లే తమ ఇళ్ల దగ్గర గదులు కట్టి అతిథుల్ని ఉంచుకుంటున్నారు. మట్టిగోడల మీద చేత్తో వేసిన బొమ్మలు, పళ్లెంలో అన్నం, పప్పు, ఆకుకూర. వంట ఆవనూనెతో చేస్తారు, ఆ వాసన పడని వాళ్లు ముందే చెప్పాలి. ఆవకాయ సీసా తీసుకెళ్లండి, కానీ అది భోజనాల గదిలోనే ఉండాలి, జీపులోకి కాదు.

దారి సంగతి. విమానంలో వెళ్లేవాళ్లు ఢిల్లీ మీదుగా ఖాట్మండూ చేరితే, అక్కడి నుంచి చిత్వన్ పక్కనున్న భరత్‌పూర్‌కు చిన్న విమానం అరగంట లోపే దింపుతుంది. ఖాట్మండూ నుంచి రోడ్డు మార్గం త్రిశూలి నది అంచున కొండ కోసి వేసిన దారి. వానాకాలంలో కొండచరియలు విరిగిపడతాయి. 2024 జులైలో సిమల్‌తాల్ దగ్గర రెండు బస్సులు నదిలోకి కొట్టుకుపోయాయి. వానల్లో, ముఖ్యంగా రాత్రిపూట, ఆ దారిన వెళ్లొద్దు. రైలులో వెళ్లేవాళ్లకు గోరఖ్‌పూర్ దగ్గర. విజయవాడ, వరంగల్ మీదుగా పోయే రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఉంది. దాని పేరులోని రప్తీ గోరఖ్‌పూర్ పక్కన పారే నది. చిత్వన్ రాప్తీ వేరు. రెండింటికీ ఒకే పేరు, చాలామంది ఒకటే అనుకుంటారు. గోరఖ్‌పూర్ నుంచి సరిహద్దు సునౌలీ దాదాపు 100 కిలోమీటర్లు. అక్కడ సరిహద్దు దాటి భైరహవా, బుట్వల్, నారాయణ్‌గఢ్ మీదుగా టాండీ. టాండీలో దిగితే సౌరాహా ఆటో దూరం. రక్సౌల్, బీర్‌గంజ్ వైపు నుంచి కూడా రావచ్చు. ఏ దారైనా చేరిన రోజు సఫారీ పెట్టుకోవద్దు. రోడ్డు పనులు నడుస్తున్న చోట ఎన్ని గంటలు పడుతుందో డ్రైవరు కూడా చెప్పలేడు.

మనకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ అసలుదే దగ్గరుండాలి, ఒక్క ఆధార్‌ను నమ్ముకోవద్దు. మన 100 రూపాయలు వాళ్ల 160 రూపాయలు. 1993 నుంచీ అదే లెక్క. బేరం చేసేటప్పుడు "ఐసీయా, ఎన్సీయా" అని అడగండి, అంటే భారతీయ రూపాయల్లో చెబుతున్నారా నేపాలీ రూపాయల్లోనా అని. పెద్ద నోట్ల మీద నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరే వారంలో బ్యాంకులో కనుక్కోండి. చేతి గడియారం పావుగంట ముందుకు తిప్పుకోండి, లేకపోతే తెల్లారి జీపు మిమ్మల్ని వదిలేసి పోతుంది.

పులి కనిపిస్తుందా అని మీరు అడగకముందే చెబుతాను. 2022 లెక్కలో చిత్వన్‌లో 128 పులులున్నాయి. నేపాల్ మొత్తం 2009లో 121 ఉంటే, 2022 నాటికి 355 అయ్యాయి. అయినా కనిపించడం అదృష్టం మీదే ఆధారపడి ఉంటుంది. పులి ఒక్కటే చూడాలనే పట్టుదల ఉన్నవాళ్లు ఇంత దూరం పోనక్కర్లేదు. ఆదిలాబాదు దాటి చంద్రపూర్ దగ్గరి తడోబాకు వెళ్లడం మేలు. చిత్వన్‌కు వెళ్లాల్సింది ఖడ్గమృగం కోసం, ఘరియల్ కోసం, నది, గడ్డి, అడవి ఒక్కచోట కలిసే ఆ లోయ కోసం. ఆ గడ్డికి ఇప్పుడొక కొత్త బెడద వచ్చింది. అమెరికా ఖండం నుంచి వచ్చిన మికానియా అనే తీగ గుబురుగా అల్లుకొని కింద ఉన్న మొక్కలకు ఎండ తగలనివ్వడం లేదు. జీపు బాట పక్కన పొదల మీద పచ్చదుప్పటి కప్పినట్టు కనిపించేది అదే. ఎంత పీకినా మళ్లీ వస్తోంది. గైడును అడిగితే చూపిస్తాడు.

మీ ఏజెంటు కాగితంలో చిత్వన్‌కు ఒక్క రాత్రే ఉంటే రెండు చేయమని గట్టిగా అడగండి. డబ్బు కట్టే ముందు మీరు దిగబోయే హోటలుకు ఫోను చేసి, ఈ ఏడు గడ్డి ఎప్పుడు కోస్తున్నారు, ఎప్పుడు కాలుస్తున్నారు అని కనుక్కోండి. వాళ్లు సరిగ్గానే చెబుతారు. కాల్చిన మూడోవారం నుంచి ఏప్రిల్ నెలాఖరు దాకా ఉన్న తేదీల్లో మీకు వీలైనవి ఎంచుకోండి.